వారానికి ఒక్క పూటైనా నీ కోసం వండుకో

ప్రశ్న: అక్కా, నమస్తే. మేము నిజాంపేటలో ఉంటాం. నేను ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, మా ఆయన సాఫ్ట్‌వేర్. పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగు. అత్తమ్మ మాతోనే ఉంటుంది, జగిత్యాల వైపు వాళ్ళు. పొద్దున అయిదున్నరకు లేచి నాలుగు డబ్బాలు కట్టి ఎనిమిదిన్నరకు బస్సెక్కుతాను. సాయంత్రం వచ్చాక మళ్ళీ అదే గ్యాసు, అవే గిన్నెలు. పెళ్ళికి ముందు నాకు వంటంటే ప్రాణం. ముగ్గులు వేసేదాన్ని, జాకెట్లకు అద్దాల పని చేసేదాన్ని. ఇప్పుడు ఏదీ చెయ్యబుద్ధి కావట్లేదు. ఏం కూర చెయ్యమంటారని అడిగితే ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "ఏదో ఒకటి చెయ్యి". అత్తమ్మ ఏమీ అనదు కానీ మౌనంగా తిని లేచిపోతుంది. ఫోన్ తెరిస్తే అందరూ నవ్వుతూ, అందంగా వండుతున్నారు. వంట చేస్తే మనసు తేలికపడుతుంది అంటారు, మరి నాకెందుకు యాష్టకొస్తోంది? నాలోనే ఏదైనా లోపం ఉందా? దగ్గర్లో వీకెండ్ బేకింగ్ క్లాసు ఉంది, ఓటీజీ (కరెంటు ఓవెన్) కొనుక్కుని అందులో చేరితే మళ్ళీ ఇష్టం పుడుతుందా?

జవాబు:

అక్కా అని పిలిచావు కాబట్టి మీరు, గారు పక్కన పెట్టి నువ్వనే రాస్తాను. నీ ఉత్తరం పెద్దది, పైన ముఖ్యమైనంత వరకే పెట్టాను, కానీ మొత్తం మళ్ళీ మళ్ళీ చదివాను. నీలో లోపం ఏమీ లేదు. ముందు ఆ భయం తీసెయ్. వంట మీద ఇష్టం నిజంగా చచ్చిపోయినవాళ్ళు దాని కోసం ఇంత బాధపడరు, ఇంత పొడుగు ఉత్తరం అసలే రాయరు.

నాకు తట్టింది ఇంకొకటి. నీ ఉత్తరం మొత్తంలో డబ్బాల లెక్క ఉంది, టైము లెక్క ఉంది, బస్సు ఉంది, బాబుకు బెండకాయ తప్ప ఏదీ పడదని ఉంది, మీ ఆయనకు రాత్రి చపాతీ కావాలని ఉంది. నీకు ఏ కూర ఇష్టమో మాత్రం ఒక్కచోట కూడా లేదు. పోయినసారి నీకు తినాలనిపించి నువ్వు వండుకున్నది ఏమిటి? ఆలోచించు. గుర్తు రాకపోతే జబ్బు ఎక్కడుందో అక్కడే తెలిసిపోయింది. వంట నీకు విసుగు పుట్టించట్లేదు, నీ ఇష్టంతో పనిలేని వంట విసుగు పుట్టిస్తోంది. రోజుకు రెండు పూటలు ఇంకొకళ్ళ నోటికి, ఇంకొకళ్ళ టైముకు, ఇంకొకళ్ళ డబ్బాకు సరిపోయేట్టు వండుతూ పోతే ఎంత చెయ్యి తిరిగిన మనిషికైనా ఉసూరుమంటుంది.

ఇది నీ ఒక్కదాని కథ కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు జీతం లేని ఆ పనికి పెడుతున్నారని తేలింది. అంటే ఆడవాళ్ళకు దాదాపు అయిదు గంటలు. ఇక బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి రేపటి కూర గురించి, అయిపోయిన పచ్చిమిరపకాయల గురించి, నానబెట్టడం మర్చిపోయిన మినప్పప్పు గురించి ఆలోచించే టైము ఎవరు లెక్క పెడతారు? నన్నడిగితే వంటలో ఒళ్ళు నొప్పి కన్నా ఈ ఆలోచనే ఎక్కువ బరువు. "ఏదో ఒకటి చెయ్యి" అన్నవాళ్ళు నీ మీద ప్రేమతోనే అని ఉంటారు, ఏది పెట్టినా తింటాం అన్న మంచితనం అందులో ఉందేమో కూడా, కానీ ఆ మాటతో బరువంతా నీ నెత్తినే పడుతోంది. కాబట్టి కొత్త వంటలు నేర్చుకోవడం తర్వాత. ముందు ఆ బరువు దింపు.

ఈ ఆదివారం ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించు. ఏ రోజు కూర ఎవరు చెప్పాలో వాళ్ళ పేరు రాయి. సోమవారం అత్తమ్మ, మంగళవారం పాప, గురువారం బాబు, శుక్రవారం మీ ఆయన. ముందు రోజు రాత్రి తొమ్మిదిలోపు కూర పేరు కాగితం మీద పడాలి, "ఏదో ఒకటి" అని రాస్తే ఒప్పుకోవద్దు. రాయనివాళ్ళ వంతు రోజున ఇంటిల్లిపాదికీ పెరుగన్నం, తొక్కు. కోపంగా కాదు, నవ్వుతూనే పెట్టు, కానీ పెట్టు. రెండు వారాలు గట్టిగా నిలబడితే నీ తలలోంచి సగం టెన్షన్ దిగిపోతుంది. బాబు ప్రతిసారీ బెండకాయే రాస్తాడంటావా, రాయనీ. గురువారం బెండకాయ అని తెలిస్తే బుధవారం రాత్రే కడిగి గుడ్డ మీద ఆరబెట్టుకుంటావు, తడి లేకుండా కోస్తే జిగురు తక్కువ ఊరుతుంది, పొద్దున పని సగం తగ్గుతుంది.

బుధవారం ఎవరి పేరూ రాయలేదు చూశావా? ఆ రోజు కర్రీ పాయింట్. హైదరాబాద్‌లో ఉండి దీనికి మొహమాటపడటం ఎందుకు చెప్పు. ఏ గల్లీకి పోయినా ఒకటి ఉంటుంది, కుక్కర్లో అన్నం పడేసి ఒక పప్పు, ఒక వేపుడు, ఒక సాంబారు ప్యాకెట్ తెచ్చుకుని తినే ఇళ్ళు ఈ ఊళ్ళో వీధికి ఎన్ని! రోజూ అయితే నూనె, ఉప్పు ఎక్కువవుతాయి, వద్దనే అంటాను. వారానికొకసారి తెచ్చుకుంటే కొంపలేం మునగవు. డబ్బాల వంట కూడా గొప్పగా ఉండాల్సిన పని లేదు. అయిదు రోజులూ అయిదు మామూలు కూరలు, కడుపు నిండితే చాలు. అందులో ఆనందం వెతకొద్దు. అందరూ రోజువారీ వంటలోనే ఆనందం వెతుక్కోమని చెప్తారు, నేను ఒప్పుకోను. ఎనిమిదిన్నర బస్సు నెత్తి మీద కూర్చుని ఉండగా ఎవరికీ ఆనందం రాదు. ఆ పూట గడిస్తే చాలనుకో, తప్పేం లేదు.

మీ ఆయన సంగతి. వారానికి ఒక రాత్రి వంట పూర్తిగా ఆయనది కావాలి. సాయం చెయ్యడం కాదు, కూరగాయలు తేవడం నుంచి గ్యాసు గట్టు తుడవడం దాకా ఆయనదే. అల్లంగడ్డ ఎక్కడుందని అడిగితే కూర్చున్నచోటి నుంచే చెప్పు, లేచి వెళ్ళి తీసివ్వకు. ఉప్పెక్కువైనా తిను, చపాతీ ఏ ఆకారంలో వచ్చినా తిను, "నేనైతే ఇలా చేసేదాన్ని" అనకు. మొదట్లో నీకే కష్టంగా ఉంటుంది, వంటింట్లో అంత చప్పుడు వినపడుతుంటే కాళ్ళు ఆగవు. ఆపుకో. పిల్లలకూ పని పెట్టు, బాబుకు వెల్లుల్లి వలవడం, పాపకు పోపు పెట్టడం. ఇద్దరికీ సమానంగా, అమ్మాయికి వంట, అబ్బాయికి నీళ్ళ సీసాలు అని పంచొద్దు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇంత బరువు దించాక నీకు ఒక పూట మిగులుతుంది, శనివారం మధ్యాహ్నం అనుకుందాం. ఆ పూట నీ కోసం వండుకో. చుట్టాల కోసం కాదు, మెప్పు కోసం కాదు, ఫోటో కోసం కాదు. నీకు ఏం తినాలని ఉందో అది. మిగతావాళ్ళు తింటే తింటారు, లేకపోతే పొద్దుటి పప్పు ఉంది.

ఏం వండాలో తోచకపోతే పచ్చి పులుసుతో మొదలుపెట్టు. మనవైపు ఇంట్లో పుట్టినదానివి, నీకు చెప్పక్కర్లేదు నిజానికి, అయినా నెమ్మదిగా చేసి చాలా ఏళ్ళయి ఉంటుంది కాబట్టి చెప్తున్నాను. నిమ్మకాయంత చింతపండు నానబెట్టు. రెండు మూడు పచ్చిమిరపకాయలకు చిన్న గాటు పెట్టి, లేకపోతే పేలతాయి, నేరుగా మంట మీద తొక్క నల్లబడేదాకా కాల్చు. ఉల్లిగడ్డ సన్నగా తరిగి ఒక గిన్నెలో వేసుకుని, కల్లుప్పు చల్లి, కొంచెం జీలకర్ర, కొత్తిమీర వేసి వేళ్ళతో పిసుకు. మిరపకాయలను మాత్రం గరిటె వెనకతో మెదిపి తర్వాత కలుపు, చేతులు మండుతాయి. పిసికేటప్పుడు తొందరపడకు. మొదట్లో ఉల్లిగడ్డ వేళ్ళ కింద కరకరమంటుంది. కాసేపటికి ఉప్పు దానిలోని నీళ్ళు లాగేస్తుంది, ముక్కలు మెత్తబడి వేళ్ళ సందుల్లోంచి జారతాయి, గిన్నె అడుగున కొంచెం రసం చేరుతుంది, ముక్కుకు తగిలే ఘాటు తగ్గి ఒక రకం తియ్యటి వాసన వస్తుంది. అప్పుడు చింతపండు రసం పొయ్యి, నీళ్ళు కలుపు, వేయించి దంచిన నువ్వుల పొడి ఒక చెంచా వెయ్యి, చిన్న బెల్లం ముక్క వెయ్యి. అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని నాకి చూడు. పులుపు ముందా, కారం ముందా, ఉప్పు ఎక్కడ తగిలింది? ఇంకో చిటికెడు బెల్లం వేస్తే ఏమవుతుంది? వేసి చూడు. ఇక్కడ నిన్ను ఎవరూ తొందరపెట్టరు, ఎవరి డబ్బా మూతా ఎదురుచూడట్లేదు. ఆఖర్న చిన్న పోపు, ఆవాలు చిటపటలాడటం ఆగాక ఎండుమిర్చి, కరివేపాకు, ఆ నూనె పులుసు మీద పోస్తే చుయ్‌మంటుంది.

పై వారం అదే పచ్చి పులుసులో ఒక్కటి మార్చు. ఎండాకాలమైతే చింతపండు బదులు ఉడికించిన పచ్చి మామిడికాయ గుజ్జు. చలికాలమైతే మంట మీద కాల్చి తొక్క తీసిన వంకాయ అందులో మెదుపు. ఆ పై వారం నువ్వుల బదులు పల్లీల పొడి. ఒకేసారి నాలుగు మార్చొద్దు, ఏది ఎందుకు బాగుందో తెలియదు. సృజన అంటే ఎక్కడో లేని వంటకం పుట్టించడం అనుకుంటాం కానీ, వంటింట్లో అది చాలామటుకు ఇదే, తెలిసిన వంటలో ఒక్క అడుగు పక్కకు వేసి ఏమవుతుందో చూడటం. మనిషికి ఆ చిన్న కుతూహలం చాలు, చెయ్యి దానంతటదే కదులుతుంది.

ఇంకో సంతోషం ఉంది వంటలో, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఏది ఎందుకు అలా అవుతుందో తెలుసుకోవడం. కుక్కర్లో ఎన్ని విజిల్స్ వచ్చినా పప్పు పలుకుగానే ఉంటోందని ఉత్తరం చివర్లో రాశావు, పాడు పప్పు అమ్ముతున్నారని తిట్టుకున్నావు కూడా. మీ వైపు చాలా అపార్టుమెంట్లలో బోరు నీళ్ళే కదా, లేదంటే ఎండాకాలం ట్యాంకర్లు. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ ఉంటే అవి గింజలో జిగురులా పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థంతో కలిసి దాన్ని గట్టిపరుస్తాయి, పప్పు మెత్తబడదు. పప్పుకు తాగే నీళ్ళు వాడి చూడు, తేడా నీకే తెలుస్తుంది. చింతపండు, టమాటా కూడా పప్పు ఉడికాకే వెయ్యి, పులుపు ముందే పడితే అదీ ఇదే పని చేస్తుంది. మన పెద్దవాళ్ళు పప్పు మెదిగాకే పులుసు పొయ్యడం ఊరికే కాదు. జొన్నరొట్టె కూడా అంతే, గోధుమపిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ జొన్నపిండిలో లేదు, అందుకే సలసల మరిగే నీళ్ళు పోసి కలుపుతాం, ఆ వేడికి పిండిలోని స్టార్చ్ ఉబ్బి పట్టు వస్తుంది. చల్లటి నీళ్ళతో కలిపితే తట్టేటప్పుడే అంచులు పగులుతాయి. ఇలాంటిది ఒకటి తెలిసిన రోజు వంటింట్లో మనిషికి ధైర్యం వస్తుంది. చెడిపోయిన కూర చూసి ఏడుపు రాదు, ఎందుకు చెడిందో వెతకాలనిపిస్తుంది.

జొన్నరొట్టె అన్నాను కాబట్టి మీ అత్తమ్మ గురించి చెప్పాలి. ఆమె మౌనంగా తిని లేచిపోతుందని రాశావు, అందులో నీకు తప్పుపట్టడం కనపడింది. అయి ఉండొచ్చు, కాకపోనూవచ్చు. ఊరు విడిచి, ఇల్లు విడిచి, అయిదో అంతస్తు ఫ్లాటులో తనకు పని లేని వంటింటి పక్క గదిలో కూర్చున్న మనిషి ఆమె. ఒక శనివారం ఆమెను వంటింట్లోకి పిలిచి కుర్చీ వేసి, "అత్తమ్మా, సర్వపిండి మీరు చేసినట్టు నాకు రాదు, చూపించండి" అను. ఊరికే మర్యాదకు కాదు, నిజంగా నేర్చుకో. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం కలిపి, నూనె రాసిన గంజు లోపల ఆమె వేళ్ళు పిండిని ఎలా పలచగా సాగదీస్తాయో, మధ్యమధ్య వేలితో బెజ్జాలు ఎక్కడ పెడుతుందో, మూత పెట్టి మంట ఎంత సన్నం చేస్తుందో చూడు. ఒకటి తీశాక రెండోది తట్టే ముందు గంజును బోర్లించి మీద నీళ్ళు పోసి చల్లారుస్తుంది చూడు, వేడి గంజుకు పిండి పట్టుకోదు. ఉప్పు ఎంత అంటే "సరిపడా" అంటుంది. ఆమె గుప్పిట్లోది ముందు చెంచాతో కొలిచి నోట్‌బుక్కులో రాసుకో. ఆ పుస్తకం నీ పాపకు పనికొస్తుంది, అది సరే, అంతకన్నా ముందు మీ ఇద్దరి మధ్యా మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరుకుతుంది. అత్తాకోడళ్ళ మధ్య ఉన్నవన్నీ ఒక సర్వపిండితో సర్దుకుంటాయని నేను అనను. కానీ ఆమె రోజు మొత్తంలో తనకు తెలిసినదాని గురించి ఎవరూ ఏమీ అడగట్లేదని మాత్రం నాకు గట్టిగా అనిపిస్తోంది.

నెలకొకసారి ఆదివారం పొద్దున్నే కూకట్‌పల్లి రైతుబజారుకు ఒక్కదానివే వెళ్ళు. ఫోన్లో జాబితా రాసుకోకుండా వెళ్ళు. 1999లో ఈ బజార్లు మొదలైనప్పటి నుంచి మన ఊళ్ళో కూరగాయల కోసం పొద్దున్నే సంచులు పట్టుకుని పోయే అలవాటు ఎంతమందికో అయింది, యాప్‌లు వచ్చాక మాత్రం మనలాంటి ఉద్యోగాలవాళ్ళం మానేశాం. యాప్‌లో నువ్వు అడిగినదే వస్తుంది. బజార్లో నువ్వు అడగనిది కళ్ళబడుతుంది, తేడా అంతా అక్కడే ఉంది. ఎండాకాలం మొదట్లో చింతచిగురు, వానలు పడగానే బోడకాకరకాయ, సంక్రాంతి ముందు అనపకాయలు, పచ్చి కందికాయలు. ఆకుకూరలమ్మే ఆమె దగ్గర ఓ మూల గంగవాయిలి కూర ఉంటే ఒక కట్ట తెచ్చుకో. ఎర్రటి కాడలు, బొద్దుగా ఉండే చిన్న ఆకులు, కొరికితే కొంచెం పుల్లగా, కొంచెం జిగటగా ఉంటుంది. ఇసుక ఎక్కువ, నీళ్ళు అడుగున తేటగా కనపడేదాకా కడగాలి. కందిపప్పులో వేసి వెల్లుల్లి దండిగా దంచి పోపు పెడితే వేడన్నంలోకి ఇంకేం అక్కర్లేదు. పిల్లలు మూతి తిప్పుతారేమో, తిప్పనీ, అది నీ పూట. కొంచెం ఎక్కువే చేసి పక్క ఫ్లాటు వాళ్ళకు ఒక గిన్నెడు పంపు. మన ఊళ్ళో గిన్నె ఖాళీగా తిరిగి రాదు, వాళ్ళు ఏ జిల్లా వాళ్ళైనా, ఏ భాష వాళ్ళైనా అందులో ఏదో ఒకటి పెట్టే పంపుతారు. ఎవరింటి ఖట్టీ దాల్ రుచి ఎలా ఉంటుందో నీకు ఇంటర్నెట్‌లో కన్నా ఆ గిన్నెలోనే బాగా తెలుస్తుంది.

ఫోన్ సంగతి ఎక్కువ చెప్పను. ఆ ఒక్క నిమిషం వీడియో కోసం కొందరికి అదే ఉద్యోగం, వెలుతురు చూసుకుని, కావలసినంత టైము పెట్టుకుని తీస్తారు. ఆఫీసు నుంచి వచ్చి బ్యాగు కింద పెట్టకుండానే కుక్కర్ పెట్టే నువ్వు నిన్ను వాళ్ళ పక్కన నిలబెట్టుకుని చూసుకోవడం నీకే అన్యాయం. ఒక నెల వంట వీడియోలు చూడటం ఆపెయ్.

ముగ్గుల గురించి రాశావు, దానికి జవాబివ్వకపోతే నా మనసు ఊరుకోదు. ఫ్లాటు గుమ్మం ముందు రెండడుగుల టైల్స్ ఉంటాయి కదా, ఊళ్ళోలాగా వాకిలి లేదని మానేశావు. సుద్దముక్క తీసుకుని కుక్కర్ విజిల్స్ వచ్చేలోపు అయిదు చుక్కల ముగ్గు ఒకటి వెయ్యి. శుక్రవారం ఒక్కరోజే వెయ్యి. పనామె తుడిచేస్తుంది, పిల్లలు తొక్కేస్తారు, అవన్నీ అనుకునే వెయ్యి. నువ్వు బతుకమ్మ పేర్చి పెరిగిన పిల్లవి. తంగేడు, గునుగు, బంతి ఏరి తెచ్చి, గునుగుకు రంగులద్ది, వరుసలు తప్పకుండా అంత ఓపికగా పేర్చి సాయంత్రానికి నీళ్ళలో వదిలేసి వస్తాం, అయ్యో పోయిందే అని ఎవరం ఏడవం. వంట కూడా అలాంటిదే, పొద్దున వండింది మధ్యాహ్నానికి ఉండదు. ఉండదు కాబట్టి రేపు మళ్ళీ కొత్తగా చేసే అవకాశం ఉంటుంది. అద్దాల పని అంటావా, జాకెట్ పెట్టుకోకు, పెద్ద పని చూస్తేనే గుండె జారుతుంది. బాబు బ్యాగు జేబు మీద ఒకే ఒక్క అద్దం కుట్టు, ఏ వారానికి పూర్తయితే ఆ వారానికి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి, దయచేసి దాటేయకు. వంటే కాదు, ఏదీ చెయ్యబుద్ధి కావట్లేదు అన్నావు. అది ఒట్టి అలసటే అయితే పైన చెప్పినవాటితో కొన్ని వారాల్లో తేలికపడుతుంది. తేలికపడకపోతే ఊరుకోకు. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకో. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది, మనం దాన్ని బద్ధకం అనో విసుగు అనో పేరు పెట్టి తిరుగుతుంటాం. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, పిల్లల మాట కూడా భారమనిపించడం ఉంటే డాక్టరు దగ్గరకు వెళ్ళు, లేదా మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. వంటతో మనసు తేలికపడటం నిజమే, కానీ మందు కావలసిన చోట వంట మందు కాదు.

ఇక బేకింగ్ క్లాసు. ఇప్పుడే వద్దు. క్లాసు చెడ్డదని కాదు. ఇప్పుడు చేరితే అది కూడా నీ లెక్కల్లో ఇంకో పని అయి కూర్చుంటుంది, తోమడానికి ఇంకో నాలుగు గిన్నెలు చేరతాయి, ఒక వారం వెళ్ళలేకపోతే డబ్బు దండగ అయిందని ఇంకో బాధ. ఆ ఫ్రిజ్ కాగితం, ఆ శనివారం పూట ఒక రెండు నెలలు నడవనీ. అప్పటికీ కేకు చెయ్యాలని నీకే మనసు లాగుతుంటే, పిల్లలు అడిగారని కాదు, నీకే లాగుతుంటే, ముందు ఇంట్లో ఉన్న కుక్కర్లోనే ఒకటి చేసి చూడు. గ్యాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, మీద స్టాండు పెట్టి, కేకు గిన్నె దాని మీద పెట్టి సన్న మంట మీద వదిలెయ్. నీళ్ళు పొయ్యొద్దు. ఆ పని నీకు నచ్చితే ఓటీజీ కొనుక్కో, క్లాసులో చేరు. క్లాసు ఉన్న రోజు రాత్రి వంట ఎవరిదో మాత్రం చేరకముందే కాగితం మీద రాయించు.